జలపాతానికీ లైట్‌హౌస్‌కీ ఒకటే రాయి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్ నుంచి కెనడా సరిహద్దు దాకా దాదాపు 240 కిలోమీటర్లు 61వ నంబరు రోడ్డు సుపీరియర్ సరస్సు అంచు పట్టుకునే సాగుతుంది. కుడివైపు అవతలి ఒడ్డు కనిపించని నీళ్లు. ఎడమవైపు అడవి కొండలు. ఆ కొండల్లోంచి ఒకదాని తర్వాత ఒకటి ఏర్లు దూకుతూ వచ్చి సరస్సులో కలుస్తుంటాయి. మిన్నియాపొలిస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఇది రెండున్నర గంటల్లో మొదలయ్యే దారి. చాలామంది పొద్దున వెళ్లి, ఫొటోలు తీసుకుని, రాత్రికి ఇల్లు చేరతారు. నా మాట వింటే క్యాంపర్ వ్యాన్ తీసుకుని నాలుగు రోజులు ఉండండి. ఇక్కడ జలపాతాల కథా లైట్‌హౌస్‌ల కథా వేర్వేరు కావు. ఆ సంగతి పిల్లలకు తెలియాలంటే తీరిగ్గా ఆగుతూ పోవాలి.

కథ 110 కోట్ల సంవత్సరాల కిందట మొదలైంది. ఖండం మధ్యలో నేల చీలి, పొరల మీద పొరలుగా లావా పొంగింది. ఆ బరువుకు చీలిక నడిభాగం కుంగింది. ఎన్నో యుగాల తర్వాత హిమానీనదాలు వచ్చి ఆ పల్లాన్ని ఇంకా లోతుగా తవ్వాయి. మంచు కరిగాక అక్కడ నిలిచిందే 406 మీటర్ల లోతున్న ఈ సరస్సు. విస్తీర్ణంలో ప్రపంచంలోని మంచినీటి సరస్సులన్నిటి కన్నా పెద్దది. గట్టి లావా రాయి మాత్రం ఉత్తరపు ఒడ్డున నిటారు గట్టుగా మిగిలింది. ఎత్తు మీద పుట్టిన ఏరు సరస్సు చేరాలంటే ఆ గట్టు దిగాల్సిందే, అందుకే ఇన్ని జలపాతాలు. గూస్‌బెర్రీ జలపాతం దగ్గర ఏరు మెట్లు మెట్లుగా దిగుతుంది. నీళ్లు డికాషన్ రంగులో ఉంటే మురికి అనుకోవద్దు. అడవిలోని బురద నేలల్లో కుళ్లిన ఆకులు, బెరడు వదిలిన రంగు అది.

నేను అందరినీ తప్పకుండా వెళ్లమనేది గ్రాండ్ మరే ఊరు దాటాక వచ్చే డెవిల్స్ కెటిల్‌కి. అక్కడ బ్రూల్ నది ఒక రాయి దగ్గర రెండుగా చీలుతుంది. సగం మామూలుగా కిందికి దూకుతుంది. మిగతా సగం రాతిలోని పెద్ద గుంటలో పడి మాయమవుతుంది. సొరంగంలోంచి సరస్సు అడుగుకు పోతోందని కొందరు, ఇంకెక్కడికో పోతోందని కొందరు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. చివరికి రాష్ట్ర సహజ వనరుల శాఖవాళ్లు ప్రవాహాన్ని కొలిచి 2017లో ఫలితం చెప్పారు. జలపాతానికి ఎగువన సెకనుకు 123 ఘనపుటడుగులు, దిగువన 121. తేడా లేనట్టే. గుంటలో పడ్డ నీళ్లు కాస్త దిగువనే మళ్లీ నదిలో కలుస్తున్నాయి. రహస్యం విడిపోతే ఆకర్షణ తగ్గుతుందంటారు గానీ నాకలా అనిపించదు. ఎగువనా దిగువనా కొలిస్తే చాలన్న ఆలోచన ఎంత సులువైనదో, అంత అందమైనది.

ఏటిని దూకించే ఈ రాతిగట్టే ఓడలను చీల్చేది. గాలి అటు తోస్తే తలదాచుకోవడానికి ఇసుక తీరం ఉండదు. ఆ చుట్టుపక్కల దిక్సూచి ముల్లును నమ్మలేమని నావికులు చెప్పేవారు. 1905 నవంబరు తుపానులో ఇరవైకి పైగా ఓడలు దెబ్బతిన్నాయి. మటాఫా అనే ఓడ డులూత్ రేవు ముఖద్వారం దగ్గరే విరిగిపోయింది. ఊరి జనం గట్టున మంటలు వేసి రాత్రంతా చూస్తూ నిలబడ్డారు. ఓడలో తొమ్మిది మంది చలికి చనిపోయారు. ఆ దెబ్బతో 1907లో అమెరికా కాంగ్రెస్ 75,000 డాలర్లు కేటాయించింది. 1910లో ఈ ఒడ్డునే స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ వెలిగింది. అప్పటికి అక్కడికి రోడ్డే లేదు. ఇటుకలతో సహా సామానంతా పడవలో తెచ్చి దాదాపు 40 మీటర్ల కొండ మీదికి యంత్రంతో లాగారు.

ఆ స్తంభం పొట్టిది, ఎత్తంతా కొండదే. అసలు గొప్ప పైనున్న కటకానిది. దీపం వెలుగు అన్ని వైపులకూ పోతుంది. అందులో చాలా భాగం ఆకాశానికీ నేలకూ పోయి ఓడకు అందదు. పెద్ద కటకం పెడదామంటే మోయలేనంత బరువు. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెనెల్ 1820లలో దారి చూపాడు. వెలుగును వంచేది గాజు ఉపరితలం, లోపలి మందం కాదు. కాబట్టి ఆ మందాన్ని తీసేసి, ఉపరితలాన్ని వలయాలుగా కోసి పేర్చితే సరిపోతుంది. స్ప్లిట్ రాక్ కటకానికి రెండు ముఖాలు. పాదరసం మీద తేలుతూ తిరుగుతుంది కనుక, అంత బరువున్నా చేత్తో తోస్తే కదులుతుంది. ఇరవై సెకన్లకు ఒక చుట్టు, పది సెకన్లకో మెరుపు. గడియారంలా బరువులతో నడిచే ఆ యంత్రానికి కాపలాదారు రెండు గంటలకోసారి కీ ఇచ్చేవాడు.

క్యాంపర్ విషయానికొస్తే, స్టేట్ పార్కుల్లో స్థలం 120 రోజుల ముందే బుక్ చేసుకోవచ్చు. వేసవి శనివారాలు వెంటనే నిండిపోతాయి. కరెంటు కనెక్షన్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఇడ్లీ రుబ్బు ఇంటి దగ్గరే పూర్తిచేసుకోవాలి. వాడిన నీళ్లు డంప్ స్టేషన్‌లో తప్ప ఎక్కడా వదలకూడదు. కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లొద్దు, వాటితో పురుగు వెళ్లి అక్కడి చెట్లను చంపుతుంది. మంచు కరిగే ఏప్రిల్, మే నెలల్లో జలపాతాలు నిండుగా ఉంటాయి. తడిసిన లావా రాయి భయంకరంగా జారుతుంది. పిల్లల చెయ్యి వదలకండి.

ముందు టూ హార్బర్స్‌లో ఆగండి. 1892 నాటి ఆ లైట్‌హౌస్ ఇప్పటికీ పనిచేస్తోంది. తర్వాత స్ప్లిట్ రాక్ చూడండి. ఓడలకు కొత్త పరికరాలు రావడంతో దాన్ని 1969లో ఆపేశారు. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడ ఇదే సరస్సులో, తూర్పు కొసన, 29 మందితో మునిగింది. ఏటా ఆ తేదీన వాళ్ల పేర్లు చదివి స్ప్లిట్ రాక్ దీపం మళ్లీ వెలిగిస్తారు.