రాణీబాగ్‌లో రాతి ఏనుగు, అద్దం వెనక పులి

పెంగ్విన్ అనగానే మంచుదిబ్బలే గుర్తొస్తాయి. ముంబైలోని బైకుల్లా జూలో ఉన్న హంబోల్ట్ పెంగ్విన్ల పుట్టిల్లు మాత్రం పెరూ, చిలీ దేశాల రాతి తీరం. ఆ సముద్రంలో పారే చల్లటి ప్రవాహమే వాటికి ఆధారం. అందుకే ముంబై ఉక్కపోతలో వాటి గదిని 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచుతారు. 2016లో సియోల్ నుంచి 8 పక్షులు వచ్చాయి. 2018 ఆగస్టు 15న ఒక పిల్ల పుట్టింది. మన దేశంలో పుట్టిన తొలి పెంగ్విన్ పిల్ల అది. పాపం, వారానికే పోయింది. తర్వాత పుట్టినవాటిలో నిలిచి పెరిగినవి ఉన్నాయి.

అద్దం దగ్గర కాసేపు ఆగి వాటి రొమ్ము చూడండి. తెలుపు మీద నల్లచుక్కలుంటాయి. ఏ రెండు పక్షులకూ ఆ చుక్కలు ఒకేలా ఉండవు. మా చిన్నమ్మాయి ఒకదాని చుక్కలు గుర్తుపెట్టుకుని, అది గుంపులో కలిసిపోయినా వెతికి పట్టుకుంది. ముక్కు మొదట్లో ఈకల్లేని గులాబీ చర్మం కూడా కనిపిస్తుంది. ఒంట్లో ఎక్కువైన వేడి అక్కణ్నుంచి కూడా బయటికి పోతుంది. ఏడాదికోసారి పాత ఈకలన్నీ ఒక్కసారిగా రాలుతాయి. కొత్తవి వచ్చేదాకా రెండు మూడు వారాలు నీళ్లలోకి దిగలేవు. సముద్రంలో ఉండేవాటికి అది పస్తుల కాలం. అందుకే ముందుగానే బాగా తిని ఒళ్లు చేస్తాయి.

జూ మాత్రం చాలా పాతది. 1862లో విక్టోరియా గార్డెన్స్ పేరుతో తెరిచారు. ఇప్పటి పేరు వీరమాత జిజాబాయి భోసలే ఉద్యానం. ఊరివాళ్ల నోట మాత్రం రాణీబాగే. ఇటీవలి మరమ్మతుల్లో ఇనుప ఊచల బోన్లు చాలావరకు పోయి, చెట్లూ నీటి మడుగులూ ఉన్న విశాలమైన ఆవరణలు, నిలువెత్తు అద్దాలు వచ్చాయి. ఊచల సందుల్లోంచి చూసిన మా అత్తయ్య తరానికి ఈ తేడా బాగా తెలుస్తుంది. జంతువుకీ ఇదే మేలని నా నమ్మకం.

పులుల దగ్గర ఆ అద్దం విలువ తెలుస్తుంది. 2020లో ఔరంగాబాద్ నుంచి శక్తి, కరిష్మా అనే జంటను తెచ్చారు. మరుసటి ఏడాది నవంబరులో వాటికి వీర అనే ఆడకూన పుట్టింది. పులి అటు తిరిగినప్పుడు చెవుల వెనక చూడండి, నల్లటి చెవి మధ్యలో గుండ్రటి తెల్లమచ్చ ఉంటుంది. చారలు బొచ్చుకే పరిమితం కావు, కింది చర్మం మీదా ఉంటాయి.

ఇక్కడ నీటిగుర్రమూ ఉంది. అది ఈదదు. నీటి అడుగున నేల మీద నడుస్తుంది. దాని చర్మం నుంచి ఊరే ద్రవం మొదట రంగు లేకుండా ఉండి, తర్వాత ఎర్రబడుతుంది. చూస్తే నెత్తురనుకుంటాం. ఎండ నుంచీ సూక్ష్మజీవుల నుంచీ ఆ ద్రవమే దానికి రక్ష.

ఇక్కడ జంతువుల కంటే నాకు చెట్లే ఎక్కువ నచ్చాయి. ఇది జూ మాత్రమే కాదు, వృక్షోద్యానం కూడా. 2007 ప్రాంతంలో జూను పూర్తిగా మార్చేసే పెద్ద పథకం వచ్చినప్పుడు, చెట్లకు ముప్పని నగర పౌరులు ఏళ్ల తరబడి పోరాడి దాన్ని ఆపించారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ ఇక్కడుంది. అదే జాతి మహావృక్షం మన గోల్కొండ నయా ఖిలాలోనూ ఉంది. దాని చుట్టుకొలత 27 మీటర్లకు దగ్గర. వయసు నాలుగు వందల ఏళ్లు పైబడిందంటారు.

ఈ చోటికి తెలుగువాళ్లతో ఉన్న ముడి ఆ చెట్టుతో ఆగిపోదు. జూకి దగ్గర్లోనే కామాఠీపుర ఉంది. నిజాం ఇలాకా నుంచి కూలిపనికి వచ్చిన తెలుగువాళ్లను కామాఠీలనేవారు. పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది.

గేటు పక్కనున్న భావు దాజీ లాడ్ మ్యూజియం ముందు ఒక రాతి ఏనుగు నిలబడి ఉంది. అది ఘారాపురి దీవిది. దాన్ని చూసే పోర్చుగీసువాళ్లు ఆ దీవికి ఎలిఫెంటా అని పేరు పెట్టారు. 1864లో ఇంగ్లండుకు తరలించబోతే క్రేను విరిగి ఏనుగు ముక్కలైంది. 1914లో ముక్కలన్నీ మళ్లీ అతికించారు.

నల్లగుర్రమూ ఇక్కడే ఉంది. దక్షిణ ముంబైలో కాలా ఘోడా అనే చోటికి ఆ పేరు తెచ్చిన, నల్లగుర్రమెక్కిన ఏడో ఎడ్వర్డ్ విగ్రహాన్ని 1965లో తీసి ఈ తోటకు చేర్చారు. విగ్రహం పోయినా అక్కడ పేరు చెక్కుచెదరలేదు.

పిల్లలతో వెళ్లేవాళ్లు మ్యూజియానికీ కొంత సమయం మిగుల్చుకోండి. 1872లో తెరిచిన ఆ భవనాన్ని బాగుచేసి 2008లో మళ్లీ తెరిచారు. బుధవారం మాత్రం వెళ్లకండి, జూకి సెలవు.