మా బుజ్జికి మందు ఎన్నాళ్లు?

"పిల్లికి గింత పైసలు పెడతరా వదినా?" అని పక్కింటావిడ అడిగితే నాకు జవాబు తోచలేదు. భూపాలపల్లి గని క్వార్టర్లలో పిల్లులకేం కొదవ? కానీ బుజ్జిని మా అమ్మాయి దూదితో పాలు పట్టి పెంచింది.

ఏడో నెలలో దానికి జ్వరం పట్టుకుంది. ఎన్ని మందులు వాడినా తగ్గలేదు. ఒళ్లు చిక్కిపోయింది, పొట్ట మాత్రం ఉబ్బింది. వరంగల్ తీసుకెళ్తే పొట్టలో నీరు తీసి పరీక్ష చేయించి, డాక్టరుగారు ఎఫ్‌ఐపి అన్నారు. పిల్లుల పేగుల్లో ఉండే ఒక రకం కరోనా వైరస్ కొన్నింటిలో మార్పు చెంది తెచ్చే జబ్బు ఇది. మనుషులకు అంటదు. వైద్యం లేకపోతే పిల్లి దక్కడం కష్టం.

దీనికి వాడే మందు జిఎస్-441524. 2020లో కోవిడ్ కోసం హైదరాబాద్ హెటెరో కంపెనీ తయారుచేసిన రెమ్‌డెసివిర్ గుర్తుందా? ఒంట్లోకి వెళ్లాక అది ముఖ్యంగా మారేది ఈ మందుగానే.

మరి ఎన్నాళ్లు వాడాలి? 2019లో వెలువడిన పరిశోధనలో కాలిఫోర్నియాలో డాక్టర్ పెడర్సన్ బృందం 31 పిల్లులకు ఈ మందిచ్చింది. 26 పిల్లులు 12 వారాలు పూర్తిచేశాయి. వాటిలో 8 పిల్లులకు 84 రోజుల్లోపు జబ్బు తిరగబెట్టింది. మోతాదు పెంచి మళ్లీ ఇస్తే చాలావరకు కోలుకున్నాయి. అప్పట్నుంచి 84 రోజుల మందు, ఆపైన 84 రోజుల కనిపెట్టడం అనే లెక్క వాడుకలోకి వచ్చింది. 2024లో వెలువడిన పరిశోధనలో జర్మనీలోని మ్యూనిక్ డాక్టర్లు పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరిన 40 పిల్లుల్లో సగానికి 42 రోజులే ఇచ్చారు. మొత్తం 38 కోలుకున్నాయి. 42 రోజులవాళ్లు, 84 రోజులవాళ్లు అనే తేడా కనిపించలేదు.

నలభై రెండో రోజున బుజ్జి గంతులేస్తోంది. మా వారు "ఇక ఆపేద్దామా?" అన్నారు. చిట్టీ డబ్బులు అయిపోతున్నాయి, ఆయన అడగడంలో తప్పులేదు. డాక్టరుగారినే అడిగాను. "అక్కడ మాటిమాటికీ రక్తపరీక్షలు, స్కానింగులు చేసి చూసి ఆపారమ్మా. బుజ్జి రక్తంలో గ్లోబ్యులిన్ ఇంకా దిగలేదు" అన్నారు. ప్రతి వారం వరంగల్ వెళ్లి స్కానింగ్ తీయించడం మావల్ల కాదు. అందుకే 84 రోజులూ వేశాం.

మీ పిల్లికి ఈ జబ్బొస్తే ఇవి మరవకండి:

• మందు రోజూ ఒకే వేళకు వేయండి.
• వారానికోసారి తూకం చూడండి. బరువు పెరిగితే మోతాదూ పెరగాలి.
• కళ్లకు, మెదడుకు జబ్బు పాకిన పిల్లులకు 42 రోజుల లెక్క వర్తించదు. వాటికి మోతాదు కూడా ఎక్కువ కావాలి.
• హుషారు చూసి ఆపకండి, పరీక్షలు చూసి డాక్టరు చెబితేనే ఆపండి.

మందు ఆపాక కూడా 84 రోజులు రోజూ దాని పొట్ట తడిమి చూసేదాన్ని. ఇప్పుడు బుజ్జి పక్కింటావిడ గోడ మీదే ఎండకు పడుకుంటుంది. ఆవిడే దానికి పెరుగన్నం పెడుతోంది!