అంగారక శిలల నామకరణము

1997 జూలై 4వ తేదీన పాత్‌ఫైండర్ నౌక అంగారకునిపై దిగి, సోజర్నర్ అను చిన్న రోవరు ఆ నేలపై సంచరింపసాగినపుడు, భూమిపైనున్న శాస్త్రజ్ఞులు ఛాయాచిత్రములలో గాన్పించిన రాళ్లకు యోగి, స్కూబీడూ అని బొమ్మల చిత్రములలోని పేర్లు పెట్టుకొనిరి. ఇది కేవల వినోదము కాదు. కోట్లాది మైళ్ల దూరమునుండి యంత్రమునకు ఆజ్ఞలు పంపువారికి, తాము చర్చించుచున్నది ఏ రాతినిగూర్చియో నిస్సంశయముగా తెలియవలెను గదా!

2012లో గేల్ బిలమున దిగిన క్యూరియాసిటీ రోవరు నాటికి పద్ధతి స్థిరపడినది. ఆ ప్రాంతపు పటమును సుమారు ఒకటిన్నర కిలోమీటరు చదరపు గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి లక్షలోపు జనాభాగల భూలోకపు పట్టణము పేరుంచి, ఆ గడిలోని శిలలకు ఆ పట్టణ పరిసరములందలి శిలాస్తరముల పేర్లు ఒసగుచువచ్చిరి. అయినను నియమముకన్న స్నేహము బలీయమైన సందర్భమొకటి కలదు: రోవరు దిగిన రెండు వారములకే దివంగతుడైన ఇంజనీరు జేక్ మాటియెవిచ్ పేరును సహచరులు ఒక శిలకు పెట్టిరి. పరీక్షింపగా, అంగారకునిపై అంతవరకు ఎరిగిన అగ్నిశిలలకు భిన్నమైన రసాయనిక నిర్మాణము దానియందు గోచరించినది. ఇంతకన్న ఉచితమైన స్మారకమును నేనెరుగను.

2021లో పర్సివరెన్స్ రోవరు బృందము, అమెరికా మూలవాసులగు నవాహో జాతి నాయకుల అనుమతితో, వారి భాషాపదములను శిలలకు పేర్లుగా గ్రహించినది.

ఇవన్నియు వ్యవహారనామములే, అధికారికముగా పేరు స్థిరపరచు అధికారము అంతర్జాతీయ ఖగోళ సంఘమునకే కలదు.