ఢిల్లీలో చల్లబరిచే కూలర్ విశాఖలో ఎందుకు ఉక్కపోయిస్తుంది?

మే నెలలో ఢిల్లీలో, మన ఆంధ్రా భవన్ ఉన్న అశోకా రోడ్డు వైపు, ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. అయినా అక్కడ చాలా ఇళ్లను కిటికీకి బిగించిన కూలరే చల్లబరుస్తుంది. అదే విశాఖలో పెడితే ఒకటే ఉక్క! ఎందుకని?

స్నానం చేసి, ఒళ్లు తుడుచుకోకుండా ఫ్యాన్ కింద నిలబడండి. వణుకొస్తుంది కదూ? నీరు ఆవిరవ్వాలంటే వేడి కావాలి. దాన్ని మీ ఒంట్లోంచే లాక్కుంటుంది. కూలర్‌లో తడిసిన గడ్డి గుండా వచ్చే గాలిలోంచీ నీరు అలాగే వేడిని లాగేస్తుంది. ఢిల్లీ వేసవి గాలి పొడిది, ఎంత ఆవిరైనా పీల్చేస్తుంది. విశాఖ గాలిలో సముద్రపు తేమ ముందే నిండి ఉంటుంది, ఇంకెక్కడ పడుతుంది? వానలు మొదలయ్యాక ఢిల్లీ కూలర్‌దీ అదే గతి.

కూలర్లు రాకముందు కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. కరెంటు అక్కర్లేదు, పైగా ఆ పరిమళం! ఏ ఏసీ ఇస్తుంది?

అశోకా రోడ్డు నేరేడు చెట్లూ ఇదే పని చేస్తాయి. వేళ్లు తాగిన నీటిని ఆకుల సన్నని రంధ్రాల్లోంచి ఆవిరిగా వదులుతాయి. నీడ సరేసరి.

కూలర్ వేసినప్పుడు ఎదుటి కిటికీ కాస్త తెరిచి ఉంచండి, తేమ గాలి బయటికి పోవాలి.