హోమ్ పిల్లలు హాస్టల్ అని ఎందుకంటారు?

భీమునిపట్నం ఎస్‌ఓఎస్ బాలల గ్రామంలో పిల్లలు ఇళ్లవారీగా పెరుగుతారు. ఇంటికొక అమ్మ, ఆమెకు చేదోడుగా, ఆమె సెలవులో ఉన్నప్పుడు ఇల్లు చూసుకోవడానికి ఆంటీ. 1949లో ఆస్ట్రియాలో హెర్మన్ గ్మైనర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఉద్యోగాలకు పెట్టిన ఆ పేర్లే పిల్లల నోట వరసలవుతాయి. ఇలాంటి చోట్ల, హోమ్‌లలో పెరిగే పిల్లల మాటల్లో చాలావరకు చుట్టరికం కలుపుకోవడానికి పుట్టినవే. కొన్ని మాత్రం తమను కాపాడుకోవడానికి. బడిలో ‘మీ ఇల్లెక్కడ?’ అంటే ‘హాస్టల్లో ఉంటున్నా’ అని తేల్చేసే పిల్లలున్నారు. ఊరూరా సంక్షేమ హాస్టళ్లున్న రాష్ట్రంలో దానికి ఎదురు ప్రశ్న రాదు. అదే ‘హోమ్’ అంటే, అమ్మానాన్న ఏమయ్యారంటూ ఆరా మొదలవుతుంది. ఆ పిల్లలు అబద్ధమాడుతున్నారని నేననను. తమ కథ ఎవరికి చెప్పాలో తేల్చుకునే హక్కు వాళ్లదే.

దిద్దుకోవలసింది పెద్దల భాష. 2015 బాల న్యాయ చట్టం పిల్లలపై మచ్చ పడకూడదనే ‘సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలు’, ‘చట్టంతో ఘర్షణ పడిన పిల్లలు’ అని పొడుగు పేర్లు పెట్టింది. నిందించే మాటలు వాడకూడదని మూడో సెక్షన్‌లో సూత్రంగానే రాసింది. ఆఫీసుల్లో అవి ఇంగ్లీషు పొడి అక్షరాల్లో సీఎన్‌సీపీ, సీసీఎల్‌గా కుదించుకుపోయాయి. ఎదురుగా నిలబెట్టి ‘ఈ సీఎన్‌సీపీని ఎక్కడికి పంపాలి?’ అంటే, ఆ మాట తన గురించేనని పిల్లకు తెలియదా? బ్రిటన్‌లోనూ ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలకు వాడే ‘లుక్డ్ ఆఫ్టర్ చైల్డ్’ను ‘ల్యాక్’ చేశారు. ఇంగ్లీషులో అది ‘లోటు’లా వినిపిస్తుంది. తమను అలా పిలవొద్దని పిల్లలే చెప్పారు. టాక్ట్ అనే సంస్థ 2019లో వాళ్ల అభిప్రాయాలతో, ఏ మాటకు బదులు ఏది వాడాలో జాబితా వేసింది.

కూడూ గూడూ చదువూ ముందు, మాటలదేముందని అడగవచ్చు. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద పిల్లకు నెలకిచ్చే 4,000 రూపాయల విలువను ఎవరూ కాదనరు. కేంద్రం 2024 మార్గదర్శకాల్లో 35 నుంచి 60 ఏళ్ల ఒంటరి వాళ్లకూ ఫోస్టర్ కేర్, అంటే పిల్లను తమ ఇంట్లో ఉంచుకుని పెంచే అవకాశమిచ్చింది, మంచిదే. కానీ కొత్త ఇంట్లో కాలుపెట్టిన పిల్లకు మొదటి పూటే వచ్చే చిక్కు, ఆ ఇంటి ఆవిడను ఏమని పిలవాలి అన్నది. ‘అమ్మా అను’ అని ఒత్తిడి చేస్తే, బతికున్న కన్నతల్లిని తోసేసినట్టు అనిపించవచ్చు. ఇక హోమ్‌లలో పిల్లలు తమలో తాము వాడుకునే రహస్య మాటల చాటున పెద్ద పిల్లల దౌర్జన్యం దాగవచ్చన్న భయం కూడా న్యాయమైనదే. అందుకే సిబ్బందికి ఆ మాటలు తెలియాలి, నోరు మూయించడానికి మాత్రం కాదు. బాల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో వయసులవారీగా పిల్లల కమిటీలుండాలి. తమను ఏమని పిలవకూడదో ఆ కమిటీలే రాసి, ఆఫీసు గోడకు అంటించవచ్చు.