బాయ్‌కాట్: ఒక మనిషి ఇంటిపేరు క్రియ ఎలా అయింది?

ఈరోజు మన మాట "బాయ్‌కాట్". ఫోన్ తెరిస్తే చాలు, ఏదో ఒక సినిమానో బ్రాండునో బాయ్‌కాట్ చేయమని హ్యాష్‌ట్యాగ్ కనిపిస్తుంది. కానీ ఇది ఒకాయన ఇంటిపేరు అని మీలో ఎంతమందికి తెలుసు?

ముందు అర్థం చూద్దాం. నిరసనగా, నలుగురూ కలిసి, ఒకరితోనో ఒక సంస్థతోనో సంబంధం తెంచుకోవడమే బాయ్‌కాట్. తెలుగులో బహిష్కరించడం. ఒంట్లో బాలేక క్లాసు మానేస్తే అది బాయ్‌కాట్ కాదు. ఫీజు పెంచారని క్లాసంతా బయట కూర్చుంటే, అది బాయ్‌కాట్. వాక్యంలో అయితే: "దే బాయ్‌కాటెడ్ ద మీటింగ్". అంటే, వాళ్లు మీటింగ్‌ను బహిష్కరించారు.

ఇక కథలోకి వెళ్దాం. 1880, ఐర్లండ్‌లోని మేయో కౌంటీ. చార్లెస్ బాయ్‌కాట్ అనే ఆయన అక్కడ లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు. పంటలు సరిగా లేవు, కౌలు తగ్గించండి అని రైతులు అడిగారు. అడిగినంత తగ్గించలేదు సరికదా, కట్టనివాళ్లను ఖాళీ చేయించడానికి నోటీసులు వెళ్లాయి.

అదే సెప్టెంబరులో పార్నెల్ అనే నాయకుడు ఒక సభలో ఓ దారి చెప్పాడు. ఖాళీ చేయించిన పొలాన్ని ఎవరైనా తీసుకుంటే వాణ్ణి చంపొద్దు, దారిలో, కొట్లో, సంతలో ఎక్కడ కనిపించినా పలకరించొద్దు అన్నాడు. మేయో జనం దీన్ని ఏజెంటు మీదే వాడారు. కూలీలు రాలేదు. ఇంట్లో పనివాళ్లు వెళ్లిపోయారు. కొట్టువాళ్లు సరుకు అమ్మలేదు. చివరికి పంట తీయడానికి బయటి నుంచి 50 మందిని తెచ్చి, సైన్యాన్ని కాపలా పెట్టారు. సుమారు 500 పౌండ్ల పంటకి 10,000 పౌండ్లు ఖర్చయిందని అంచనా! డిసెంబరులో బాయ్‌కాట్ ఐర్లండ్ వదిలాడు. ఆయన పేరు మాత్రం పత్రికలకెక్కి, ఆ ఏడాదే క్రియ అయిపోయింది.

మన దేశంలో 1905లో బెంగాల్ విభజనకి నిరసనగా విదేశీ వస్తువులను, 1928లో సైమన్ కమిషన్‌ను జనం బాయ్‌కాట్ చేశారు.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మేయోలో బలం లేనివాళ్లు బలమున్నవాడికి సహకరించడం మానేశారు. మన ఊళ్లలో "వెలి" అంటే చాలాసార్లు దీనికి తిరగబడి ఉంటుంది. బలమున్నవాళ్లే పేదవాళ్లకి పని, నీళ్లు, సరుకు ఆపేస్తారు. దళితులనో గిరిజనులనో ఇలా వెలివేస్తే, ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద అది నేరం. రెండింటికీ ఇంగ్లిష్‌లో బాయ్‌కాట్ అనే అంటారు. కాబట్టి ఈసారి ఆ హ్యాష్‌ట్యాగ్ కనిపిస్తే, షేర్ చేసేముందు ఒక్కటి చూడండి: ఎవరు, ఎవరిని?