పాత సైకిలు – పునరుద్ధరణ వివేకం

జీర్ణమైన దానిని ఉద్ధరించడం పుణ్యకార్యమని మన పూర్వులు భావించారు. శిథిలమైన గోపురాన్ని నిలబెట్టడం, పూడిన చెరువును త్రవ్వించడం, చివికిన తాళపత్రానికి ప్రతి వ్రాయించడం అన్నీ ఉద్ధరణ కార్యాలే. అయితే ఉద్ధరణ పేరుతో అపకారం జరిగిన సందర్భాలూ లేకపోలేదు. మన ఆలయాలలో కొన్నింట శిల్పాల మీద ఏటేటా సున్నం పూయగా పూయగా, ఉలి చెక్కిన సన్నని రేఖలు ఆ పొరల క్రింద మరుగుపడిపోయాయి. పూసినవారి ఉద్దేశం మంచిదే. నష్టపోయింది మాత్రం శిల్పం. పాత వస్తువును బాగుచేసేవారు ఎంతవరకు చేయాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఈ ప్రశ్న ఆలయానికి ఎంతగా వర్తిస్తుందో ఒక పాత సైకిలుకూ అంతగానే వర్తిస్తుంది.

సైకిళ్లన్నీ ఒక కోవకు చెందినవి కావు. మన పల్లెలలో పాలబిందెలను, ధాన్యపు బస్తాలను మోసిన నల్లని సైకిలు బలానికి ప్రసిద్ధి. దాని బరువు ఇరవై కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంగ్లండులో 1930 – 1960 సంవత్సరాల మధ్య పందేల కోసం, దూరప్రయాణాల కోసం తయారైన తేలిక సైకిలు అందులో ఇంచుమించు సగం బరువే తూగుతుంది. ఆ తేలికదనానికి ముఖ్యకారణం దాని ఉక్కు గొట్టం. బర్మింగ్‌హామ్‌కు చెందిన రేనాల్డ్స్ 1897లో కొసల వద్ద మందంగా, నడుమ పలుచగా ఉండే గొట్టానికి పేటెంటు పొందాడు. అతుకు పడే చోట బలం కావాలి, నడుమ అంత అవసరం లేదు అన్నదే అందులోని సూత్రం. 1935లో రేనాల్డ్స్ సంస్థ మాంగనీసు, మాలిబ్డినం కలిసిన ఉక్కుతో ‘531’ అనే గొట్టాన్ని వెలువరించింది. సైకిలు నిర్మాణంలో అది ఒక మేలిమలుపు.

ఈ గొట్టాలతో లండన్‌లోని హెచిన్స్, బేట్స్ వంటి నిర్మాతలు చేతిపనితో ఫ్రేములను తయారుచేసేవారు. గొట్టాలు కలిసే చోట ‘లగ్గు’ అనే ఉక్కు తొడుగును అమర్చి, ఇత్తడిని కరగించి అతికేవారు. హెచిన్స్ పనివారు ఆ తొడుగుల అంచులను ఆకురాయితో లతల వంపుల వలె తీర్చేవారు. ఫ్రేము వెనుక కడ్డీలను తిన్నగా గాక వంపు తిరిగేటట్లు మలచడం ఆ సంస్థ ప్రత్యేకత. ఆ వంపు కుదుపులను తగ్గిస్తుందని నిర్మాతలు చెప్పుకొన్నారు. పందెగాళ్ల ఛాయాచిత్రాలలో తయారీదారు పేరు కనిపించరాదన్న నాటి కట్టుబాటు కారణంగా, పేరు లేకున్నా ఆకృతిని బట్టి గుర్తుపట్టడానికే అటువంటి రూపాలు పుట్టాయని చెప్పేవారూ ఉన్నారు. ఏది ఏమైనా, ఒక్కొక్క ఫ్రేము ఒక్కొక్క పనివాని చేతివ్రాత వంటిది.

ఇటువంటి సైకిలు మీది రంగు ఒక చారిత్రక పత్రం. ముందుగా అడుగుపూత, దాని మీద కొలిమిలో ఆరబెట్టిన రంగు, ఆపైన నిర్మాత పేరును తెలిపే పలుచని అంటుబొమ్మలు, తొడుగుల అంచుల వెంట సన్నని కుంచెతో తీర్చిన బంగారు గీత, అన్నింటి మీద వార్నిషు – ఇదీ దాని క్రమం. ఆ గీతలో చేతి వణుకు సైతం కనిపిస్తుంది. ఎండకు వెలిసిన భాగం, గాలిపంపు రాసుకొన్న మచ్చ, చైను ఒరిసిన గీటు ఆ సైకిలు ఎంత దూరం తిరిగిందో, ఎలా వాడబడిందో చెబుతాయి. రంగు మొత్తం గీకివేసి క్రొత్తపూత వేస్తే సైకిలు మెరుస్తుంది. ఈ సాక్ష్యం మాత్రం శాశ్వతంగా పోతుంది. పోయిన రంగును మళ్లీ పూయవచ్చును గాని, పోయిన కాలాన్ని మళ్లీ పూయలేము.

క్రొత్తపూత వల్ల మరొక ప్రమాదమూ ఉంది. పాత రంగును తొలగించడానికి సాధారణంగా ఇసుకరేణువులను వేగంగా చిమ్ముతారు. ఈ గొట్టాల గోడ నడుమభాగంలో ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అజాగ్రత్తగా చిమ్మిన ఇసుక రంగుతో పాటు ఉక్కునూ కొంత తింటుంది. ఆకురాయితో తీర్చిన అంచుల పదును మొద్దుబారుతుంది. మందంగా పూసిన నవీన రంగు ఆ లతల వంపులను పూడ్చివేస్తుంది. ఆలయ శిల్పాలకు సున్నం చేసిన పనే ఇక్కడ రంగు చేస్తుంది.

ఈ విషయంలో లోకానికి మార్గం చూపినవారు కట్టడాలను కాపాడినవారే. పాత చర్చీలను ‘పునరుద్ధరణ’ పేరుతో గీకివేయడాన్ని నిరసించి, 1877లో విలియం మోరిస్ ఇంగ్లండులో ప్రాచీన కట్టడాల సంరక్షణ సంఘాన్ని స్థాపించాడు. 1964లో వెనిస్ నగరంలో కూడిన నిపుణులు ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలని తీర్మానించారు. తెలుగు పండితులకు ఈ నియమం క్రొత్తది కాదు. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించేవారు తాళపత్ర ప్రతులను పోల్చిచూస్తారు. పురుగు తిన్న చోట అక్షరాలు దొరకకపోతే ‘గ్రంథపాతం’ అని గుర్తు పెడతారు. తాము ఊహించిన పాఠాన్ని కుండలీకరణాలలో ఉంచుతారు. తమ పద్యపాదాన్ని కవి పాదంగా చెలామణి చేయరు. పాత సైకిలును చేపట్టినవారికి కావలసినదీ ఆ నిజాయితీయే.

పని పరిశీలనతో ప్రారంభం కావాలి. తడిగుడ్డ సైతం తాకించకముందే సైకిలును అన్ని వైపుల నుండి ఛాయాచిత్రాలు తీయాలి. సీటు ఎత్తు, హ్యాండిలు కోణం, తీగలు సాగిన దారి నమోదు చేసుకోవాలి. పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం అడుగున సాధారణంగా ఫ్రేము సంఖ్య ముద్రించి ఉంటుంది. స్టర్మీ ఆర్చర్ సంస్థ వారి గేరు హబ్బుల మీద పలుమార్లు తయారైన సంవత్సరమూ కనిపిస్తుంది. ఫ్రేము కంటె హబ్బు పదేళ్లు చిన్నదైతే, మొదటి యజమాని చక్రాన్ని మార్చి ఉండవచ్చును. దానిని పారవేయడానికి తొందరపడరాదు. మార్పు కూడా ఆ సైకిలు జీవితంలో ఒక అధ్యాయమే.

తరువాతది విడదీయడం. ఇక్కడ బలం కంటె జ్ఞానం ముఖ్యం. ఎడమ పెడలుకు ఎదురుమర ఉంటుంది. అది సవ్యదిశలో త్రిప్పితేనే ఊడుతుంది. ఇంగ్లీషు ఫ్రేములలో పెడళ్ల ఇరుసుకు కుడివైపున ఉన్న గిన్నెకూ ఎదురుమరే. ఈ సంగతి తెలియనివారు ఊడదీస్తున్నామనుకొని మరింత బిగిస్తారు. కాటర్ పిన్నును నేరుగా సుత్తితో మోదితే ఆ దెబ్బ బేరింగు గుండ్లకు తగులుతుంది. క్రాంకు క్రింద గట్టి ఆధారం పెట్టడమో, నొక్కి తీసే పరికరం వాడడమో మేలు.

అల్యూమినియం హ్యాండిలు కాండం ఉక్కు గొట్టంలో బిగుసుకుపోవడం తరచుగా ఎదురయ్యే చిక్కు. తేమ చేరినప్పుడు రెండు వేర్వేరు లోహాల నడుమ విద్యుద్రసాయన చర్య జరుగుతుంది. అప్పుడు ఏర్పడే అల్యూమినియం ఆక్సైడు ఎక్కువ చోటు ఆక్రమించి రెండింటినీ బంధిస్తుంది. మంటతో కాల్చితే రంగు పొక్కిపోతుంది. ఉక్కు కంటె అల్యూమినియం వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది, చలికి ఎక్కువ సంకోచిస్తుంది. కాబట్టి పలుచని నూనెను కొన్ని రోజులపాటు ఇంకనిచ్చి, కాండాన్ని మంచుతో చల్లబరచి, నెమ్మదిగా అటూ ఇటూ కదల్చడం వివేకవంతమైన మార్గం. రంగును కాపాడాలన్న సంకల్పమే ఇక్కడ పద్ధతిని నిర్ణయిస్తుంది.

రంగును శుభ్రపరచడానికి గోరువెచ్చని నీరు, కొద్దిపాటి మృదువైన సబ్బు, మెత్తని గుడ్డ చాలు. ఏ ద్రవాన్నైనా మొదట కంటికి కనిపించని మూలలో పరీక్షించాలి. పెట్రోలు, థిన్నరు వంటివి వార్నిషును, దానితో పాటు అంటుబొమ్మలను కరగించగలవు. కొన్ని సైకిళ్లకు వెండివన్నె అడుగుపూత మీద గాజులాంటి పారదర్శక వర్ణం పూసి ఉంటుంది. రాపిడి గుణం గల పాలిషుతో రుద్దితే ఆ పలుచని వర్ణం గుడ్డకు అంటుకొని వస్తుంది. క్రింది వెండి బయటపడుతుంది. అటువంటి చోట మెరుపు కోసం ఆశపడడమే ప్రమాదం.

తుప్పును వదిలించడానికి ఆక్సాలిక్ ఆమ్లపు పలుచని ద్రావణాన్ని వాడతారు. మన చుక్కకూరలో ఉండే ఆమ్లమే ఇది. ఇది తుప్పులోని ఇనుముతో కలిసి నీటిలో కరిగే పదార్థంగా మారుతుంది. చాలా సందర్భాలలో రంగుకు హాని చేయదు. అయినా ముందుగా పరీక్షించక తప్పదు. విడిగా తీసిన ఈ ఆమ్లం విషతుల్యం. చేతులకు తొడుగులు ధరించాలి. పిదప సమృద్ధిగా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. క్రోమియం పూత మీద పొడుచుకు వచ్చిన తుప్పు చుక్కలకు అల్యూమినియం రేకును నీటిలో తడిపి మెల్లగా రుద్దితే చాలును. క్రోమియం కంటె అల్యూమినియం మెత్తన గనుక పూత గీసుకుపోదు.

రంగు రాలిన చోట ఏమి చేయాలి? తుప్పు ఆగితే ఆ మచ్చను మచ్చగానే ఉంచి, పైన పలుచగా మైనం పూయవచ్చును. మైనం గాలిని, తేమను అడ్డుకొంటుంది. కావలసినప్పుడు తొలగించుటకు వీలవుతుంది. తప్పనిసరియై రంగు అద్దవలసివస్తే, రాలిన మేర వరకే అద్దాలి. చుట్టూ ఉన్న పాత రంగు మీదికి పోనీయరాదు. చేసిన పనిని తరువాతివారు తిరిగి తీసివేయగలగాలన్నది సంరక్షణ శాస్త్రంలో ప్రధాన సూత్రం.

అయితే పాతదనం మీది భక్తి ప్రాణానికి ముప్పు కారాదు. సైకిలు అద్దాల బీరువాలో నిలిపే బొమ్మ కాదు. తొక్కడానికి పుట్టిన యంత్రం. గట్టిపడిన బ్రేకు రబ్బర్లు, పగుళ్లు బారిన టైర్లు, పోగులు తెగిన తీగలు నిస్సందేహంగా మార్చవలసినవే. పాత అల్యూమినియం హ్యాండిలులో లోహపు అలసట వల్ల కంటికి ఆనని పగుళ్లు ఏర్పడవచ్చును. అది విరిగితే తొక్కేవాడు ముందుకు పడతాడు. దానిని భూతద్దంతో పరిశీలించి, సందేహమున్నచో క్రొత్తది అమర్చాలి. తీసిన భాగాలను పారవేయక, పేరు వ్రాసి సైకిలుతో పాటు భద్రపరచాలి. అరిగిన బేరింగు గుండ్లను మార్చి, పాత గ్రీజు స్థానంలో క్రొత్త గ్రీజు నింపడం వల్ల రూపం మారదు. నడక మాత్రం మెరుగుపడుతుంది.

క్రొత్తరంగు ఎన్నడూ పూయరాదని దీని అర్థం కాదు. పూర్వమే ఎవరో అసలు రంగును గీకివేసి వేరే రంగు పూసి ఉంటే, గొట్టం విరిగి మార్చవలసివస్తే, తుప్పు ఫ్రేమంతటా వ్యాపించి ఉంటే పూత తప్పదు. అప్పుడు కూడా మూలలలో మిగిలిన అసలు వర్ణపు ఆనవాళ్లను వెదకి, ఛాయాచిత్రం తీసి, చేసిన ప్రతి మార్పునూ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. ఆ పుస్తకం సైకిలుతో పాటు తరువాతి యజమానికి చేరాలి. 1955లో ఇంగ్లండులో ఏర్పడిన పాత సైకిళ్ల సంఘం నేటికీ ఇటువంటి సమాచారాన్ని ఒకరి నుండి ఒకరికి అందిస్తూ ఉన్నది.

పాత వస్తువును చేపట్టినవారు దానికి ధర్మకర్తలు మాత్రమే. వారి ముందు దానిని తయారుచేసినవారు, వాడినవారు ఉన్నారు. వారి తరువాత చూడవలసినవారూ ఉన్నారు. చేయగలిగినదంతా చేయడం నైపుణ్యం. చేయవలసినంతే చేసి చేయి వెనుకకు తీసుకోవడం వివేకం. నైపుణ్యానికి వివేకం తోడైనప్పుడే ఉద్ధరణ సార్థకమవుతుంది.